ఒక గడిలో 30 పూటల పాలు: ఆర్‌తో పాల బిల్లు కట్టిన డైరీ

మొదటి ఆదివారం

మా బాబాయ్ ఊళ్లో పాల కేంద్రం నడుపుతాడు. 62 ఇళ్ల వాళ్లు రెండు పూటలా పాలు పోస్తారు. నెలకు రెండు బిల్లులు: 1 నుంచి 15 దాకా ఒకటి, 16 నుంచి నెలాఖరు దాకా ఇంకొకటి. బిల్లు ఇచ్చే ముందు రాత్రి బాబాయ్, పిన్ని కాలిక్యులేటర్ పెట్టుకుని కూర్చుంటే ఏ రెండింటికో గానీ లేవరు. ఈసారి నేను ఊరెళ్లింది సరిగ్గా ఆ రాత్రే. "నువ్వు ఆఫీసులో చేసేది అంకెల పనే కదమ్మా, ఇది నీ కంప్యూటర్‌లో తేలదా?" అని పిన్ని అడిగింది. తేలుతుందన్నాను. ఆ మాట నిలబెట్టుకోవడానికే ఈ డైరీ.

ముందు డేటా ఎలా ఉందో చెప్పాలి. కేంద్రంలో పెద్ద రిజిస్టర్ ఒకటుంది. ఇంటికో వరుస, పూటకో నిలువు గీత. గత ఏడాది నుంచి బాబాయ్ దాన్నే ఫోన్‌లో స్ప్రెడ్‌షీట్‌గా కొడుతున్నాడు. మూడు కాలమ్‌లు: ఇల్లు, లీటర్లు, ఫ్యాట్ (పాలలో కొవ్వు శాతం). ఒక్కో ఇంటి లీటర్లన్నీ ఒకే గడిలో, మధ్యలో నిలువు గీత పెట్టి: 4.5|3.5|4|3.8 అని పదిహేను రోజులకు 30 అంకెలు. పక్క గడిలో వాటి ఫ్యాట్ శాతాలు అదే క్రమంలో: 6.2|6.5|6.1|6.4.

1970లో ఎడ్గర్ కాడ్ రిలేషనల్ మోడల్ (డేటాను పట్టికలుగా పెట్టే పద్ధతి) మీద పేపర్ రాసిన నాటి నుంచీ డేటాబేస్ వాళ్లు చెప్పే మాటే: ఒక గడిలో ఒకే విలువ ఉండాలి. నిజమే. కానీ పొద్దున ఆరింటికి క్యాన్లు పట్టుకుని ఇరవై మంది వరుసలో నిలబడి ఉన్నప్పుడు, ఒక చేత్తో పాలు కొలుస్తూ ఇంకో చేత్తో ఫోన్ కొట్టే మనిషికి ఇంటికో వరుసే సులువు. ఆయన పద్ధతి మార్చమనడం నా పని కాదు. ఆయన రాసినదాన్ని విడగొట్టి సరిగ్గా లెక్క కట్టడమే నా పని.

బాబాయ్ మొదట్లో గీత బదులు ఏటవాలు గీత వాడాడట. 6/5 అని కొడితే స్ప్రెడ్‌షీట్ దాన్ని తేదీగా మార్చేసింది. గడిలో పాలు పోయి నెలా రోజూ వచ్చి కూర్చున్నాయి. అప్పటి నుంచి రిజిస్టర్‌లో ఉన్నట్టే నిలువు గీతకు మారాడు. ఆ మార్పు మంచిదే అయింది.

అదే రాత్రి

ఫైల్‌ను సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్‌గా, దించుకుని ఆర్‌లోకి చదివాను. నేను రోజూ వాడేది ఆర్ (R) భాషే, గణాంకాల పనికి వాడే ప్రోగ్రామింగ్ భాష. ఆక్లాండ్ యూనివర్సిటీలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ మొదలుపెట్టింది, 1.0.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న వచ్చింది. ఇలాంటి పనికి దానిలో స్ట్ర్‌స్ప్లిట్ (strsplit) అనే ఫంక్షన్, అంటే ఒక పని చేసిపెట్టే రెడీమేడ్ ఆజ్ఞ, పుట్టుక నుంచే ఉన్నట్టు అందరూ వాడతారు. గడి ఇవ్వాలి, ఏ గుర్తు దగ్గర కొయ్యాలో చెప్పాలి, ముక్కలు చేతికిస్తుంది.

4.5|3.5 ఇచ్చి నిలువు గీత దగ్గర కొయ్యమన్నాను. రెండు ముక్కలు రావాలి. ఏడు వచ్చాయి: 4, చుక్క, 5, గీత, 3, చుక్క, 5. అక్షరం అక్షరం విడిపోయింది.

కారణం: స్ట్ర్‌స్ప్లిట్ మనమిచ్చే గుర్తును మామూలు అక్షరంగా చూడదు, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌గా, అంటే అక్షరాల నమూనాను చెప్పే గుర్తుల భాషగా, చదువుతుంది. ఆ భాషలో నిలువు గీతకు 'ఇదైనా, అదైనా' అని అర్థం. అటూ ఇటూ ఏమీ లేకుండా గీత ఒక్కటే ఇస్తే 'ఏమీ లేకపోయినా సరే' అన్నట్టే, కాబట్టి ప్రతి అక్షరం దగ్గరా కోసేస్తుంది. చుక్కతోనూ ఇదే బాధ. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో చుక్క అంటే 'ఏ అక్షరమైనా'. చుక్క దగ్గర కొయ్యమంటే అన్నీ ఖాళీ ముక్కలే మిగులుతాయి. మందు చిన్నదే: ఫిక్స్‌డ్ అనే ఆర్గ్యుమెంట్‌ను (ఫంక్షన్‌కు ఇచ్చే సూచనను) ట్రూ చేస్తే గుర్తును ఉన్నది ఉన్నట్టు చూస్తుంది. వేగం కూడా ఎక్కువ. లేదంటే గీతను చదరపు బ్రాకెట్లలో పెట్టినా చాలు.

ఇక్కడ నన్ను ఆపిన విషయం ఇంకొకటి ఉంది. ఆ ఏడు ముక్కల్ని నేను చూసుకోకుండా అంకెలుగా మార్చి, అంకె కానివి వదిలేసి కూడమని ఉంటే? చుక్కలు, గీత ఎన్‌ఏ (NA, విలువ తెలియదని ఆర్ పెట్టే గుర్తు) అవుతాయి. ఎన్‌ఏలను తీసేస్తే 4, 5, 3, 5 మిగులుతాయి. మొత్తం 17 లీటర్లు. అసలు పాలు 8 లీటర్లు. జవాబు మాత్రం చక్కగా అంకె రూపంలోనే వస్తుంది. ఎన్‌ఏ తీసేసే ఆ ఆర్గ్యుమెంట్‌ను ఈ ప్రాజెక్టులో ఎక్కడా వాడకూడదని అప్పుడే అనుకున్నాను. ఎన్‌ఏ వచ్చిందంటే ఏదో తెలియలేదని అర్థం. దాన్ని దాచేస్తే ఎవరిదో ఒకరి డబ్బు పోతుంది.

సోమవారం, బస్సులో

లెక్క సూత్రం రాసుకున్నాను. మా కేంద్రంలో కేజీ ఫ్యాట్ రేటు పద్ధతి. లీటర్లను ఫ్యాట్ శాతంతో గుణించి, 100తో భాగిస్తే అందులో సుమారు ఎన్ని కేజీల కొవ్వు ఉందో వస్తుంది. దాన్ని రేటుతో గుణించాలి. రేటు మారుతూ ఉంటుంది, ఇక్కడ లెక్క కోసం కేజీకి 800 రూపాయలు అనుకుంటున్నాను. ఆ లెక్కన 6 శాతం ఉన్న లీటరు పాలకు 48 రూపాయలు.

కాలిక్యులేటర్ రోజుల్లో బాబాయ్ ఒక దగ్గరిదారి వాడేవాడు. పదిహేను రోజుల లీటర్లు కూడి, ఫ్యాట్‌ల సగటు కట్టి, రెండూ గుణించేవాడు. మూడు పూటలతో చూద్దాం. లీటర్లు 4|2|5, ఫ్యాట్ 6|8|5.

పూట పూటకూ కడితే: 24, 16, 25. మొత్తం 65. వందతో భాగిస్తే 0.65 కేజీలు. 520 రూపాయలు.

దగ్గరిదారిలో: మొత్తం 11 లీటర్లు, ఫ్యాట్ సగటు 6.33. గుణిస్తే 69.67. బిల్లు 557 రూపాయల 33 పైసలు.

మూడు పూటలకే 37 రూపాయల తేడా. తక్కువ పాలు పోసిన పూట ఫ్యాట్ ఎక్కువ పడితే, ఆ ఎక్కువను దగ్గరిదారి పాలన్నిటికీ పూస్తుంది. తిరగబడితే రైతుకు నష్టం. ఇది ఆర్ తప్పు కాదు, కాలిక్యులేటర్ తప్పూ కాదు, 62 ఇళ్లకు 30 పూటలు విడివిడిగా గుణించే ఓపిక ఎవరికి ఉంటుంది? యంత్రం చేయాల్సింది సరిగ్గా ఈ భాగమే. ఫ్యాట్ సగటు కావాలనుకుంటే లీటర్ల బరువు వేసి కట్టాలి: 65ను 11తో భాగిస్తే 5.91. ఈ అంకె ఇకపై బిల్లు మీద వస్తుంది.

బుధవారం రాత్రి

మొదటిసారి మొత్తం ఫైల్ నడిపాను. స్ట్ర్‌స్ప్లిట్ ఇచ్చేది లిస్ట్. 62 వరుసలు ఇస్తే 62 కట్టలున్న లిస్ట్ వస్తుంది, ఒక్కో కట్టలో ఒక్కో ఇంటి ముక్కలు. ఒక్కో కట్టనూ అంకెలుగా మార్చడానికి అలవాటుగా ఎస్‌అప్లై (ప్రతి కట్టకూ అదే పని చేసే ఫంక్షన్) వాడాను. నేను పరీక్ష కోసం చేసుకున్న చిన్న ఫైల్‌లో అది చక్కగా నడిచింది, అసలు ఫైల్‌లో తర్వాతి లైన్ విరిగింది. ఎస్‌అప్లై స్వభావమే అది: అన్ని కట్టలూ ఒకే పొడవుంటే వాటిని మాట్రిక్స్‌గా (అంకెల పట్టికగా) పేర్చి ఇస్తుంది, ఒక్కటి పొట్టిగా ఉన్నా లిస్ట్ ఇస్తుంది. డేటాను బట్టి ఫలితం ఆకారం మారితే కింది కోడ్ దేన్ని నమ్ముకుని రాయాలి? ఎల్‌అప్లైకి మారాను. ఎప్పుడూ లిస్టే.

అయితే పొడవులు ఎందుకు కలవలేదు? లెంగ్త్స్ ఫంక్షన్‌తో ఒక్కో కట్టలో ఎన్ని ఉన్నాయో చూశాను. చాలా ఇళ్లకు 30. నాలుగు ఇళ్లకు 29.

ఆ నాలుగు గడులూ తీసి చూస్తే అన్నీ గీతతో ముగుస్తున్నాయి. 15వ తేదీ సాయంత్రం వాళ్లు పాలు పోయలేదు. బాబాయ్ గీత కొట్టి ఖాళీ వదిలాడు. ఆయన రాసింది సరైనదే. స్ట్ర్‌స్ప్లిట్ చివరి ఖాళీని ముక్కగా లెక్కపెట్టదు. 4|3| ఇస్తే రెండే ముక్కలు. మొదట్లో ఖాళీ ఉంటే మాత్రం లెక్కపెడుతుంది: |4|3 ఇస్తే మూడు. మధ్యలో ఖాళీనీ లెక్కపెడుతుంది. ఒక్క చివరిదే వదిలేస్తుంది.

దీనికి వాడిన ఉపాయం: కొయ్యడానికి ముందు ప్రతి గడి చివరా ఇంకో గీత అతికించాను. 4|3| కాస్తా 4|3|| అవుతుంది, ముక్కలు మూడు: 4, 3, ఖాళీ. గీత లేకుండా ముగిసే 4|3 కాస్తా 4|3| అవుతుంది, ముక్కలు రెండే. రెండు చోట్లా సరైన లెక్క. ఆర్‌కు నెట్ నుంచి విడిగా దించుకునే స్ట్రింగ్‌ఆర్ ప్యాకేజీలోని స్ప్లిట్ ఫంక్షన్ చివరి ఖాళీని తనంతట తానే ఉంచుతుంది, అది వాడినా సరిపోయేది. కానీ బాబాయ్ ఇంట్లో ఉన్న పాత లాప్‌టాప్‌లో ఇది నడవాలి, అక్కడ నెట్ అంతంతమాత్రం. ప్యాకేజీలు ఎంత తక్కువ ఉంటే అంత మేలని అతికించే దారే పట్టాను.

ఆ ఖాళీ ముక్కను అంకెగా మారిస్తే ఎన్‌ఏ వస్తుంది, హెచ్చరిక లేకుండా. 'నాలుగు' అనో '4..5' అనో ఉంటే మాత్రం కొన్ని విలువలు ఎన్‌ఏ అయ్యాయని హెచ్చరిస్తుంది, ఏ వరుసలోనో చెప్పదు. అందుకని మార్చాక ఎన్‌ఏ అయినవాటిలో ముందు ఖాళీగా లేనివి ఏవో వరుస నంబరుతో సహా ఒక పట్టీగా తీసే నాలుగు లైన్లు రాశాను. ఈ ఫైల్‌లో ఆరు దొరికాయి. మూడింట్లో రెండు చుక్కలు, రెండింట్లో సున్నా బదులు ఇంగ్లిష్ ఓ అక్షరం, ఒకదాంట్లో అంకె మధ్య ఖాళీ. అంకెకు ముందో వెనకో ఖాళీ ఉంటే ఆర్ పట్టించుకోదు, మధ్యలో ఉంటేనే ఒప్పుకోదు. ఆరూ ఫోన్‌లో బాబాయ్‌ని అడిగి సరిచేశాను.

శుక్రవారం రాత్రి

ఈ రోజు దొరికిన తప్పు గురించి ఎక్కువ రాస్తాను. ఈ మొత్తం పనిలో నన్ను భయపెట్టింది ఇదొక్కటే.

లీటర్ల కట్టలన్నీ ఇప్పుడు 30. ఫ్యాట్ కట్టలు చూశాను: 51 ఇళ్లకు 30, 11 ఇళ్లకు 15. కానీ గుణకారం అన్నిటికీ జరిగిపోయింది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు, 62 బిల్లులూ వచ్చేశాయి. నేను లెంగ్త్స్ చూడకపోయి ఉంటే ఆ బిల్లులే ప్రింట్ అయ్యేవి.

బాబాయ్‌కి ఫోన్ చేశాను.

"ఆ పదకొండు ఇళ్లకు ఫ్యాట్ సగమే ఉందేంటి బాబాయ్?"

"వాళ్లు పోసేది తక్కువమ్మా. సాయంత్రం పూట వాళ్లకు శాంపిల్ తీయను. పొద్దున తీసిందే ఆ రోజంతటికీ."

అంటే ఆయన 15 రాశాడంటే రోజుకొకటి అని. ఆర్ దాన్ని ఎలా చదివిందంటే: రెండు వెక్టర్లు (అంకెల వరుసలు) గుణించేటప్పుడు ఒకటి పొట్టిదైతే, అది అయిపోయాక మళ్లీ మొదటి నుంచి వాడుకుంటుంది. రీసైక్లింగ్ అంటారు. పొడవుది పొట్టిదానికి సరైన గుణిజం కాకపోతే, అంటే 30కి 29 ఉంటే, హెచ్చరిస్తుంది. 30కి 15 సరిగ్గా రెండు రెట్లు. కాబట్టి అంతా బాగుందనుకుని మౌనంగా ఉండిపోయింది.

రెండు రోజుల లెక్కతో చూపిస్తాను. లీటర్లు 5|4|6|3: మొదటి రోజు పొద్దున 5, సాయంత్రం 4, రెండో రోజు 6, 3. ఫ్యాట్ 6|8: మొదటి రోజు 6, రెండో రోజు 8.

బాబాయ్ అర్థంలో: 5, 4 రెండూ 6తో, 6, 3 రెండూ 8తో గుణించాలి. 30, 24, 48, 24. మొత్తం 126. బిల్లు 1008 రూపాయలు.

ఆర్ చేసింది: 5ను 6తో, 4ను 8తో, మళ్లీ మొదటికి వచ్చి 6ను 6తో, 3ను 8తో. 30, 32, 36, 24. మొత్తం 122. బిల్లు 976 రూపాయలు.

32 రూపాయలు తక్కువ. రెండు రోజులకు. మొదటి రోజు సాయంత్రం పాలకు రెండో రోజు ఫ్యాట్ పడింది. 15 రోజుల బిల్లులో అయితే 1వ తేదీ సాయంత్రం పాలకు 2వ తేదీ ఫ్యాట్, 8వ తేదీ సాయంత్రం పాలకు మళ్లీ 1వ తేదీ ఫ్యాట్. ఒక ఇంటికి పెరుగుతుంది, ఒక ఇంటికి తరుగుతుంది. కేంద్రం మొత్తం చూస్తే ఒకదానికొకటి కొట్టేసుకుని తేడా కనపడకపోవచ్చు కూడా. తక్కువ పాలు పోసే ఇళ్లంటే ఒక్క గేదె ఉన్న ఇళ్లు. అలాంటి చోట 32 రూపాయలంటే మాటలు కాదు.

గడిలో విలువలు కుక్కినప్పుడు ఏ అంకె ఏ పూటదో చెప్పే పేరు ఎక్కడా ఉండదు. దాని స్థానమే దాని పేరు. మూడోది అంటే 2వ తేదీ పొద్దున. ఒక్క ఖాళీ జారినా, ఒక్క గీత తగ్గినా, అక్కడి నుంచి చివరిదాకా అన్నీ పక్కవాళ్ల పేర్లు పెట్టుకుంటాయి. కొయ్యడం ఎలాగో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. కోశాక స్థానాలు కలిశాయో లేదో చూసుకోమని చెప్పేవాళ్లు తక్కువ. నా వరకు ఇకపై కొయ్యడం, లెక్కపెట్టడం ఒకే పని.

సరిచేసిన తీరు: ఫ్యాట్ కట్టలో రోజుల సంఖ్యకు సమానంగా ఉంటే, రెప్ ఫంక్షన్‌కు ఈచ్ ఆర్గ్యుమెంట్ 2 ఇచ్చి ఒక్కోదాన్ని పక్కపక్కనే రెండుసార్లు రాయించాను. 6|8 కాస్తా 6, 6, 8, 8. ఇక్కడ ఈచ్ బదులు టైమ్స్ ఇస్తే 6, 8, 6, 8 వస్తుంది, అంటే మళ్లీ అదే తప్పు మన చేత్తో చేసినట్టు. పూటల సంఖ్యకు సమానంగా ఉంటే అలాగే వదిలాను. రెండూ కాకపోతే ఆ ఇంటి నంబరు చెప్పి ప్రోగ్రామ్ ఆగిపోవాలి. స్టాప్ పెట్టాను, వార్నింగ్ కాదు. పూటల సంఖ్యను 30 అని కోడ్‌లో రాయలేదు, తేదీల నుంచి కట్టిస్తున్నాను. 31 రోజుల నెలలో రెండో బిల్లుకు 32 పూటలు వస్తాయి, అప్పుడు రోజుకొకటి అంటే 16. అది కూడా సరిగ్గా సగమే, అక్కడా ఆర్ మౌనంగానే ఉంటుంది.

రెండో ఆదివారం, ఊళ్లో

బాబాయ్ ఇంటి లాప్‌టాప్‌లో నడిపితే మొదటి లైన్‌లోనే ఆగింది. స్ట్ర్‌స్ప్లిట్‌కు ఇచ్చింది అక్షరాల డేటా కాదంటోంది. అదే ఫైల్, అదే కోడ్. చూస్తే అందులో ఆర్ 3.6 ఉంది. 2020 ఏప్రిల్‌లో వచ్చిన 4.0.0 వెర్షన్‌కు ముందు, సీఎస్‌వీ చదివేటప్పుడు అక్షరాల కాలమ్‌లను ఆర్ తనంతట తానే ఫ్యాక్టర్‌గా (లోపల కోడ్ నంబర్లతో దాచే రూపంలోకి) మార్చేది. ఫ్యాక్టర్‌ను స్ట్ర్‌స్ప్లిట్ తీసుకోదు. ఆగడం మంచిదే అయింది. ఫ్యాక్టర్‌ను నేరుగా అంకెలుగా మారిస్తే లోపలి కోడ్ నంబర్లు వస్తాయి, అవి కూడా పాల లీటర్లలాగే కనిపిస్తాయి.

చదివేటప్పుడే కాల్‌క్లాసెస్ అనే ఆర్గ్యుమెంట్‌తో అన్ని కాలమ్‌లూ అక్షరాలుగానే ఉంచమని చెప్పాను. కొత్త వెర్షన్‌లో కూడా ఇది అవసరమే. బిల్లు మొదటి రోజు పొద్దున్నే ఫైల్ తీసుకుంటే ఒక్కో గడిలో ఒక్కో అంకే ఉంటుంది, గీతే ఉండదు. ఆర్ ఆ కాలమ్‌ను అంకెలుగా చదివేస్తుంది, స్ట్ర్‌స్ప్లిట్ అప్పుడూ ఇలాగే ఆగుతుంది. లాప్‌టాప్‌లో కొత్త ఆర్ కూడా వేశాను. దానికి ఇంకో కారణం ఉంది, చివర్లో చెబుతాను.

మధ్యాహ్నం అన్నం తిన్నాక డేటా అంతా నిలువుగా పరిచాను. అన్‌లిస్ట్‌తో లీటర్ల కట్టలన్నీ ఒకే వరుసగా, ఇంటి నంబర్లను రెప్‌తో ఒక్కోదాన్ని దాని పొడవెంత ఉంటే అన్నిసార్లు. ఫ్యాట్ కూడా అలాగే. ఇంటి లోపల 1, 2, 3 అని పూట సంఖ్య. పూట సంఖ్యకు ఒకటి కలిపి రెండుతో భాగించి శేషం వదిలేస్తే తేదీ. బేసి సంఖ్య పొద్దున, సరి సంఖ్య సాయంత్రం. 62 వరుసలు 1860 అయ్యాయి. ఇప్పుడు ప్రతి అంకెకూ పక్కనే తన పేరుంది: ఏ ఇల్లు, ఏ తేదీ, ఏ పూట.

టైడీఆర్ ప్యాకేజీ వాడేవాళ్లకు ఇది ఒక్క లైన్ పని. 1.3.0 వెర్షన్‌లో సెపరేట్ లాంగర్ డెలిమ్ అనే ఫంక్షన్ వచ్చింది, రెండు కాలమ్‌లూ కలిపి ఇస్తే జతగా విడగొడుతుంది. 30కి 15 ఇస్తే రీసైకిల్ చెయ్యకుండా ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. ఆ పద్ధతే నాకు నచ్చింది.

నిలువుగా పరిచాక అనుకోని లాభం ఒకటి కలిగింది. పూట పూటకూ ఊరంతటి లీటర్లు కూడాను. బాబాయ్ దగ్గర చిల్లింగ్ సెంటర్‌కు (పాలు చల్లబరిచే చోటుకు) పాలు పంపిన చీటీలున్నాయి, పూటకొకటి. పిన్ని చీటీలు చదువుతుంటే నేను పక్కన రాసుకుంటూ పోయాను. కొలతల్లో లీటరో అరలీటరో తేడా మామూలే. 12వ తేదీ పొద్దున మాత్రం నా మొత్తం చీటీ కన్నా 40 లీటర్లకు పైగా ఎక్కువ. ఆ ఒక్క పూట వరుసలు తీసి పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చాను. పైనే ఉంది: 45 లీటర్లు. ఆ ఇంట్లో ఉన్నవి రెండు గేదెలు. రోజూ నాలుగు, నాలుగున్నర పోస్తారు. 4.5లో చుక్క పడలేదు.

"రాత్రి కాలిక్యులేటర్ దగ్గర కూర్చుంటే ఇది నా కంటికి ఆనేది కాదు" అంది పిన్ని. నేను రాసిన నాలుగు లైన్ల పట్టీ కూడా దీన్ని పట్టుకోలేదు. 45 మంచి అంకే కదా. ఆ ఇంటి మిగతా పూటల పక్కన పెట్టి చూస్తేనే తప్పని తెలుస్తుంది. ఇప్పుడు ఒక్కో ఇంటి మధ్యస్థ విలువకు (వరుసగా పేర్చితే నడుమ వచ్చేదానికి) మూడు రెట్లు దాటిన ప్రతి పూటనూ ప్రోగ్రామ్ చూపిస్తుంది. దిద్దడం మాత్రం బాబాయ్ చేతే.

అదే సాయంత్రం

ఖాళీల సంగతి మిగిలింది. రెండు రకాల ఖాళీలున్నాయి. లీటర్లూ ఖాళీ, ఫ్యాటూ ఖాళీ అయితే పాలు పోయలేదు, ఆ పూటకు సున్నా. లీటర్లుండి ఫ్యాట్ ఖాళీ అయితే కరెంటు పోయి ఫ్యాట్ మెషిన్ ఆడలేదు. పాలు తీసుకున్నాం, డబ్బు ఇవ్వాలి. అలాంటప్పుడు బాబాయ్ నిన్నటి అదే పూట ఫ్యాట్ వేస్తాడు. పొద్దునకు పొద్దున, సాయంత్రానికి సాయంత్రం. నిలువుగా పరిచిన డేటాలో అది ఆ ఇంట్లోనే రెండు వరుసల పైనున్న విలువ. వరుసగా రెండు రోజులు మెషిన్ ఆడకపోతే మొదట నింపినదే కిందికి దిగుతుంది. 1వ తేదీనే ఖాళీ ఉంటే వెనక ఏమీ లేదు కాబట్టి ఆ ఇల్లు పట్టీలోకి వెళ్తుంది, బాబాయ్ పాత బిల్లు చూసి రాస్తాడు.

రౌండింగ్ ఒకటి. ఆర్‌లో 2.5ను రౌండ్ చేస్తే 2, 3.5ను చేస్తే 4. సగం వచ్చినప్పుడు సరి సంఖ్య వైపు వెళ్తుంది. గణాంకాల్లో దానికి మంచి కారణమే ఉంది, కానీ ఊళ్లో అర్ధరూపాయి వస్తే పైకే వేస్తారు. అర కలిపి ఫ్లోర్ (కింది పూర్ణసంఖ్య) తీసుకున్నాను. పూట పూటకూ కాదు, ఇంటి మొత్తానికి ఒక్కసారే.

మూడిళ్ల బిల్లులు పిన్ని కాలిక్యులేటర్ మీద పూట పూటకూ కట్టింది. ఒకటి రోజుకొక ఫ్యాట్ ఉన్న ఇల్లు, ఒకటి చివరి పూట ఖాళీ ఉన్నది, ఒకటి మామూలుది. మూడూ రూపాయి తేడా లేకుండా కలిశాయి. మిగతావి ప్రింట్ కొట్టాం. ఎనిమిదిన్నరకు భోజనాలు చేశాం.

బిల్లు కాగితం మీద మొత్తం ఒక్కటే కాకుండా 30 పూటలూ వేశాను. చెరువుగట్టు ఇంటి అత్త కాగితం తీసుకుని మొత్తం చూడలేదు. 9వ తేదీ సాయంత్రం మీద వేలు పెట్టి, "ఆ రోజు దూడ తాగేసింది, రెండే పోశాను. రెండే ఉంది" అని చదువుకుంది.

సోమవారం పొద్దున

కొత్త బిల్లు మొదలైంది. ఖాళీ గీతల మధ్య ఏదో ఒకటి ఉండాలని బాబాయే అన్నాడు: పాలు పోయకపోతే 'లే', మెషిన్ ఆడకపోతే 'మె'. ఖాళీ అంటే ఇకపై మరిచిపోయినట్టే, ప్రోగ్రామ్ అడగాలి. పాత ఆర్‌లో, విండోస్ మీద, తెలుగు అక్షరాలు కోణపు బ్రాకెట్లలో కోడ్ నంబర్లుగా కనిపించేవి. 2022లో వచ్చిన 4.2.0 నుంచి విండోస్ 10లోనూ యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలనూ రాసే పద్ధతి) నేరుగా నడుస్తోంది. కొత్త ఆర్ వేసింది అందుకూ. ఈ రెండు గుర్తులనూ అంకెలుగా మార్చే ముందే పక్క కాలమ్‌లోకి తీయాలి. లేకపోతే అవీ ఎన్‌ఏలలో కలిసిపోతాయి.

బస్సు ఎక్కే ముందు మొదటి పూట ఫైల్ తెప్పించుకున్నాను. 62 గడులు, 58 అంకెలు, మూడు 'లే', ఒక ఖాళీ. ఆ ఖాళీ ఎవరిదని ఫోన్ చేస్తే, "ఇప్పుడే వస్తున్నారమ్మా, క్యాను గుమ్మం దగ్గరుంది" అన్నాడు బాబాయ్.